గోప్యంలో గోవు

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినవారికి అప్పుడప్పుడూ ఒకే ఒక్క మాటతో జవాబు వస్తుంది: గోప్యం. అడిగిన వివరాలు గోప్యమైనవి కాబట్టి ఇవ్వడం కుదరదని. ఆ వివరాలు కోళ్ళఫారాలవో, పాడిపశువులవో, పశువుల్ని కొని కోసే కంపెనీలవో అయినప్పుడు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ఇది పశువుల దొడ్డిలో పుట్టిన మాట. దీని కడుపులో ఆవు ఉంది.

గో అంటే ఆవు, పా అంటే కాపాడు. రెండూ కలిసి గోప, ఆవుల కాపరి. వేదకాలానికే ఈ మాట మందను దాటి, దేన్ని కాపాడేవాడికైనా పేరైంది. గోప నుంచి గోపాయతి అన్న క్రియ పుట్టింది, అంటే కాపరితనం చేయడం. ఆ క్రియలోంచి గుప్ అన్న ధాతువు తేలింది. పాణినీయులు దాన్ని స్వతంత్ర ధాతువుగానే లెక్కించి రక్షణ అని అర్థం చెప్పారు. గోప అన్న నామం నుంచి వెనక్కి లాగితే వచ్చిన ధాతువని ఇప్పటి భాషాశాస్త్రజ్ఞులు అంటారు. ఎవరి లెక్క ప్రకారం చూసినా మొదటి అర్థం కాపాడడమే, దాచడం తర్వాత వచ్చి చేరింది. చంద్రగుప్తుడంటే చంద్రుడి రక్షణలో ఉన్నవాడు. గుప్తనిధి దగ్గరికి వచ్చేసరికి రక్షణ పలచబడి దాపు చిక్కబడింది. కాపాడదలచుకున్నదాన్ని నలుగురి కంటా పడకుండా ఉంచుతాం కాబట్టి ఒక అర్థం రెండో అర్థంలోకి జారిపోవడంలో వింతేమీ లేదు.

పక్కనే గుహ్ అన్న ఇంకో ధాతువు ఉంది. గుహ, గుహ్యం, గూఢం దాని సంతానం. చూపుకు గుప్, గుహ్ అన్నదమ్ముల్లా ఉన్నా పుట్టిన ఇళ్ళు వేరు. గుహ్‌లో మొదటినుంచీ చీకటే, కాపరి లేడు. గుహ్యం దాగి ఉంటే చాలు, ఎవరి కోసం దాగిందో చెప్పనక్కర్లేదు. గోప్యానికి అది చాలదు. కాచేవాడొకడు, కాయించుకునేదొకటి, అప్పగించినవాడొకడు, ఎవరినుంచి కాయాలో ఆ నాలుగోవాడొకడు, ఇంతమందీ ఉంటేనే అది గోప్యం. మన వాడుకలో రహస్యం, గుట్టు, మరుగు, దాపరికం అన్నీ ఒకే సంచిలో పడిపోయాయి గానీ చట్టం మాట్లాడేటప్పుడు ఈ తేడా పోగొట్టుకోకూడదు. సొంతదాన్ని దాచుకుంటే గుట్టు. ఒకరు నమ్మి ఇచ్చినదాన్ని వారి తరఫున కాస్తే గోప్యం. తన తప్పు బయటపడకుండా అధికారి దాస్తే దాపరికం. మూడింటికీ ఫైలు మీద ఒకే ముద్ర పడుతోంది. నా బాధంతా అక్కడే.

కన్నడిగులు, మరాఠీలు పశువుల పెంపకాన్ని పశుసంగోపన అంటారు. కర్ణాటకలో ఆ శాఖ పేరులోనే ఈ ధాతువు ఉంది. మనం సంవర్ధకం అన్నాం, వృద్ధి చేయడం అని. సంగోపనం మనకు శిశువుల దగ్గర మిగిలింది. చంటిబిడ్డను సాకడాన్నీ, లెక్కల్ని బయటపెట్టకపోవడాన్నీ ఒకే ధాతువు మోస్తోందంటే, రెంటికీ మధ్య ఉన్న బంధం పేరు సంరక్షణ.

ఈ కుటుంబంలో ఎదురుపక్షం మాట కూడా ఉంది. గవేషణ అంటే ఇప్పుడు పరిశోధన, శోధించి తెలుసుకోవడం. విడదీస్తే గో, ఏషణ. తప్పిపోయిన ఆవుల్ని వెతకడం. సమాచారం అడిగేవాడు గవేషకుడు, ఇవ్వనన్నవాడు గోప్త. ఇద్దరూ ఒకే మందకు సంబంధించినవాళ్ళు. ఆవును కాసినవాడిదీ, ఆవు కోసం వెతికినవాడిదీ గౌరవమైన పనే అని భాష ఒప్పుకుంది. కోర్టుల్లో మాత్రం ఇద్దరూ ప్రత్యర్థులయ్యారు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గోప అన్నది ఒక ఉద్యోగం పేరు. ఐదు లేదా పది గ్రామాలకు ఒక గోపుడు. అతను ఆవుల్ని కాయడు, లెక్కలు రాస్తాడు. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎవరు పన్ను కడతారు, ఎవరికి మినహాయింపు, సేద్యగాళ్ళెందరు, గోపాలకులెందరు, వర్తకులెందరు, రెండు కాళ్ళవెన్ని, నాలుగు కాళ్ళవెన్ని, అంతా అతని పుస్తకంలో ఉండాలి. ఆ లెక్క నిజమో కాదో చూడడానికి గృహస్థుల వేషంలో చారుల్ని పంపాలని కూడా ఆ గ్రంథం చెబుతుంది. గోవుల వ్యవహారానికి వేరే అధ్యక్షుడున్నాడు. ఒక్కో పశువుకూ ముద్ర, పుట్టుమచ్చ, రంగు, కొమ్ముల తీరు రాయించడం అతని పని. అంటే కాపరి అన్న మాట ఆ గ్రంథం నాటికే పశువుల వివరాలు రాసిపెట్టుకునే ప్రభుత్వోద్యోగికి పేరైపోయింది. ఇంతకంటే సూటిగా ఈ చర్చకు సాక్ష్యం ఇచ్చే మాట నాకు దొరకలేదు.

అయితే రాసేవాడి పేరు గోపుడైనంత మాత్రాన, రాయించుకునేవాడు నమ్ముతాడా? మన పల్లెల్లో జీవాలు కాసేవారిని ఎన్ని ఉన్నాయని అడిగి చూడండి. ‘ఏవో ఉన్నాయి లెండి, నాలుగు’ అంటారు. రెండు వందలున్నా నాలుగే. దిష్టి భయం ఉంది. లెక్క చెబితే తరిగిపోతాయన్న పట్టింపు ఉంది. వీటి వెనక చరిత్ర కూడా ఉంది. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పుల్లరి, గడ్డి మేసినందుకు కట్టే పన్ను. అడవిలో మేసే ప్రతి పశువుకూ కట్టాలి, కాబట్టి తలకాయల లెక్క దొరికితే పన్ను లెక్క దొరికినట్టే. పల్నాడులో ఆ పన్ను కట్టబోమని నిలబడిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. మంద లెక్క బయటికి పొక్కితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఆ కాపరులు. ఉత్తరాంధ్రలో పశువుల్ని సొమ్ములు అంటారు. సొమ్ము ఎంతుందో వీధిలో చెప్పుకునేవారు ఎవరూ ఉండరు. ఇంగ్లీషులోనూ క్యాటిల్, క్యాపిటల్ ఒకే లాటిన్ మాట పిల్లలే. పశువుల లెక్క వ్యాపార సమాచారమా కాదా అన్న ప్రశ్నకు ఈ మాటలు ఏనాడో జవాబు చెప్పేశాయి.

ఈ ప్రశ్న మీద బాగా వాదులాట జరిగిన దేశం అమెరికా. అక్కడి సమాచార స్వేచ్ఛ చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966 జూలై 4న టెక్సస్‌లోని తన పశుక్షేత్రంలోనే సంతకం చేశాడు. ఆ చట్టంలో నాలుగో మినహాయింపు, వ్యాపారులు ప్రభుత్వానికిచ్చిన కాన్ఫిడెన్షియల్ సమాచారానిది. కాన్ఫిడెన్షియల్ అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. 1974 నుంచీ దిగువ కోర్టులు ఒక కొలబద్ద పెట్టుకున్నాయి: వెల్లడిస్తే వ్యాపారికి పోటీలో గట్టి నష్టం జరగాలి, అప్పుడే దాచాలి. 2019 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ కొలబద్దను పక్కన పడేసింది. వివాదం దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్ నగరపు ఆర్గస్ లీడర్ పత్రికది. ఆహార సాయం పథకం కింద ఏ దుకాణంలో ఎంత ఖర్చయిందో చెప్పమని ఆ పత్రిక వ్యవసాయ శాఖను అడిగింది. న్యాయమూర్తి గోర్సచ్ తీర్పు రాస్తూ 1960ల నాటి నిఘంటువులు తెరిచాడు. కాన్ఫిడెన్షియల్ అంటే సొంతం, రహస్యం అని అందులో ఉంది, నష్టం ఊసు లేదు. కాబట్టి యజమాని మామూలుగా బయటపెట్టనిదీ, బయటపెట్టబోమన్న హామీ మీద ప్రభుత్వానికి ఇచ్చినదీ అయితే అది కాన్ఫిడెన్షియలే. న్యాయమూర్తి బ్రేయర్, ఆయనతో పాటు మరో ఇద్దరు, నిజమైన హాని ఉండాలన్న షరతు వదలకూడదన్నారు.

మాటను పట్టుకుని చట్టం తేల్చిన తీర్పు ఇది. అందుకే మాట వైపు నుంచే నాకొక అసంతృప్తి. కాన్ఫిడెన్షియల్‌కు మూలమైన లాటిన్ క్రియకు అర్థం పూర్తిగా నమ్మడం. నమ్మడానికి రెండోవాడు కావాలి. ప్రభుత్వం హామీ ఇచ్చి తీరాలా, హామీ లేకపోయినా యజమాని దాచుకుంటే చాలా అన్న ప్రశ్నను మాత్రం కోర్టు తేల్చకుండా వదిలేసింది. ఆ కేసులో హామీ ఉంది కాబట్టి తేల్చే అవసరం పడలేదు. కానీ ఆ మాటకు ప్రాణం అక్కడే ఉంది. మన భాషలో మాట అంటే పదమూ అవుతుంది, ప్రమాణమూ అవుతుంది. మాట ఇచ్చాడా లేదా అన్నది తేలకుండా గోప్యం తేలదు.

కాపలా సడలితే ఏమవుతుందో 2013లో కనిపించింది. వేల పశువుల్నీ పందుల్నీ ఒకచోట కట్టి మేపే క్షేత్రాల వివరాల్ని దాదాపు 30 రాష్ట్రాల నుంచి సేకరించిన అమెరికా పర్యావరణ సంస్థ, ఎర్త్‌జస్టిస్ వంటి సంఘాలు అడగగానే వాటిని ఇచ్చేసింది. పేడా మురుగూ ఏ వాగులోకి పోతున్నాయో తెలుసుకోవాలన్నది అడిగినవారి ఉద్దేశం. అందులో అన్యాయం లేదు. అయితే ఆ జాబితాలో పశువుల సంఖ్యతో పాటు మనుషుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, భూమి మీద ఆ ఇల్లు ఎక్కడుందో చెప్పే అక్షాంశ రేఖాంశాలు కూడా వెళ్ళిపోయాయి. రైతు ఉండేది ఆ క్షేత్రంలోనే. వ్యాపారం చిరునామాయే పిల్లలు నిద్రపోయే ఇంటి చిరునామా. గొడవయ్యాక ఆ సంస్థ ఇచ్చిన వివరాల్ని వెనక్కి ఇమ్మని అడిగింది. ఒకసారి చూసినదాన్ని వెనక్కి ఇవ్వడం ఎలాగో ఎవరికీ తెలియదు. రైతు సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2016లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు రైతుల పక్షం మాట్లాడింది. ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో దొరికే వివరాలే అయినా, ప్రభుత్వం వాటిని ఒక్క జాబితాగా కూర్చి అందించడం వ్యక్తిగత జీవితంలో చొరబడడమేనంది.

రైతు వైపు నుంచి చూస్తే గోప్యం ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. అదే మాట రైతు నోట్లో మట్టి కొట్టగలదనీ అదే దేశం చూపించింది. 1999లో పశువుల ధరల తప్పనిసరి నివేదన చట్టం వచ్చింది. ఏడాదికి 1,25,000 పశువుల్ని కోసే స్థాయి కంపెనీలు ఎంతకు కొన్నాయో రోజూ వ్యవసాయ శాఖకు చెప్పాలి, శాఖ ఆ ధరల్ని ప్రకటించాలి. కోత కోసం ఫీడ్‌లాట్లనే దొడ్లలో మేపిన పశువుల్లో దాదాపు 85 శాతాన్ని నాలుగే కంపెనీలు కొంటున్న చోట, అమ్ముకునే రైతుకు నిజమైన ధర తెలియాలన్నది ఆ చట్టం ఉద్దేశం. 2001 ఏప్రిల్‌లో నివేదికలు మొదలయ్యాయి. మొదలవుతూనే ఖాళీ గడులు కనిపించాయి. కారణం గోప్యత. కనీసం మూడు కంపెనీలు లెక్క ఇవ్వాలి, ఎవరి వాటా 60 శాతం దాటకూడదు, లేకపోతే ప్రకటించరు.

ఈ నియమం వెనక లెక్క చాలా చిన్నది. ఫలానా చోట రెండే కంపెనీలు కొన్నాయనుకోండి. మొత్తం 1,000 పశువులని ప్రకటిస్తే, 600 కొన్న కంపెనీ తన 600 తీసేసి అవతలివాడు 400 కొన్నాడని క్షణంలో తెలుసుకుంటుంది. సగటు ధర ప్రకటిస్తే అవతలివాడి ధర కూడా తేలిపోతుంది. ముగ్గురుంటే ఈ తీసివేత పనిచేయదు. అందుకని మూడు. నియమం మరీ బిగుతుగా ఉందని ఆ ఏడాది ఆగస్టులోనే దాన్ని మార్చారు. గడిచిన 60 రోజుల్లో కనీసం సగం సార్లు ముగ్గురు లెక్క ఇచ్చి ఉండాలి, మొత్తంలో ఏ ఒక్కరి వాటా 70 శాతం మించకూడదు, 20 శాతం కంటే ఎక్కువ సార్లు ఏ ఒక్కరో మాత్రమే లెక్క ఇచ్చి ఉండకూడదు. ఇప్పటికీ 3/70/20 అంటే అక్కడి పశువుల బేరగాళ్ళకు తెలుసు. కొనేవారు మరీ తక్కువైన కొలరాడో వంటి చోట్ల ఆ తర్వాత కూడా నివేదికలో గడి ఖాళీగా ఉండిపోయిన రోజులు చాలా ఉన్నాయి. అంటే ఎక్కడ కొనుగోలుదారుల గుత్తాధిపత్యం ఎక్కువో, ఎక్కడ రైతుకు ధర తెలియడం అన్నిటికంటే అవసరమో, సరిగ్గా అక్కడే గోప్యత తలుపు మూస్తుంది. ఇక్కడ కాపరి కాస్తున్నది మందను కాదని నా అభిప్రాయం.

అదే దేశపు 2008 వ్యవసాయ చట్టంలోని 1619వ సెక్షన్ నాకు దీనికంటే బాగా నచ్చుతుంది. పథకంలో చేరడానికి రైతు తన భూమి, సాగు, పశువుల గురించి వ్యవసాయ శాఖకు చెప్పిన వివరాలు బయటికి పోకూడదు. రైతుకు అందిన డబ్బెంతో మాత్రం చెప్పవచ్చు, ఎందుకంటే అది ప్రజల డబ్బు. పేర్లు తేలని మొత్తం లెక్కలు ఇవ్వవచ్చు. రోగమో తెగులో ముంచుకొస్తే దాన్ని ఎదుర్కొనేవారికి చెప్పవచ్చు. రైతు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. దేన్ని, ఎవరి కోసం, ఎంతవరకు కాయాలో విడివిడిగా చెప్పిన చట్టం ఇది.

మన దగ్గర ఇప్పుడు పాడిపశువు చెవికి పసుపుపచ్చ ట్యాగు వేస్తున్నారు. దాని మీద 12 అంకెలు. ఊళ్ళో పశువులకు సేవలందించే గోపాలమిత్ర ఫోను తీసి ఆ అంకెలు కొడితే జాతి, వయసు, ఎప్పుడు కృత్రిమ గర్భధారణ సూది వేశారు, ఏ టీకా పడింది, ఎన్ని ఈతలు, యజమాని పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ వరసగా వస్తాయి. భారత్ పశుధన్ అన్న ఈ దస్త్రం కౌటిల్యుడి గోవుల అధ్యక్షుడికి కలలోనైనా అందనిది. పశువుకు మేలు చేసే దస్త్రమే, సందేహం లేదు. గాలికుంటు టీకా ఎవరికి పడలేదో తెలియకపోతే ఆ రోగాన్ని ఆపలేం. కానీ ఆ ఫోన్ నంబర్ల జాబితా ఒక దాణా కంపెనీకి ఎంత విలువైనదో, పాల డబ్బు మీద అప్పిచ్చేవాడికి ఎంత విలువైనదో కూడా అంతే స్పష్టం.

దీనికి కాపలాగా మన దగ్గర ఉన్నది ప్రధానంగా సమాచార హక్కు చట్టమే. వెల్లడించడానికి పుట్టిన చట్టంలోనే గోప్యానికి గడి ఉంది. 8(1)(డి) ప్రకారం వాణిజ్య గోప్యం, వ్యాపార రహస్యాలు బయటపెడితే మూడో వ్యక్తి పోటీలో దెబ్బతింటాడనుకుంటే ఇవ్వనక్కర్లేదు, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే మాత్రం ఇవ్వాలి. అమెరికా కోర్టు వదిలేసిన హాని షరతును మన చట్టం మాటల్లోనే రాసుకుంది. అది మంచి పని. వ్యక్తిగత సమాచారపు మినహాయింపు సంగతి వేరు. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని మార్చింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతు మునుపు ఆ మినహాయింపులోనే ఉండేది. ఇప్పుడు దాన్ని తీసేశారు, ఆ వాదన కావాలంటే 8(2) దగ్గరికి వెళ్ళాలి. చిన్న రైతు ఫోన్ నంబరుకు ఇది రక్షణే. పథకం కింద పశువులు అందాయని కాగితం మీద ఉన్న పేర్లు నిజమైనవో కావో చూడాలనుకునే గవేషకుడికి ఇదే అడ్డుగోడ అవుతుంది. ప్రజల డబ్బు అందుకున్నవారి పేరు, అందిన మొత్తం బయట ఉండాల్సిందే.

రోగం విషయంలో నాకు తటపటాయింపు లేదు. 2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు పశ్చిమగోదావరిలో వేల్పూరు, తూర్పుగోదావరిలో కానూరు అగ్రహారం పేర్లు రాష్ట్రమంతా వినిపించాయి. చుట్టూ కిలోమీటరు రోగమండలం, 10 కిలోమీటర్ల దాకా నిఘా. ఆ ఊళ్ళ పేర్లు చెప్పడంతో కోడిమాంసం, గుడ్ల వ్యాపారానికి దెబ్బ తగిలింది, రోగం లేని ఫారాల వాళ్ళూ నష్టపోయారు. అయినా చెప్పాల్సిందే. పక్క ఊరి ఫారం కాపాడుకోవాలంటే అక్కడివారికి తెలియాలి. 2009 నాటి పశురోగాల నివారణ చట్టం ప్రకారం మొదట చెప్పాల్సిన బాధ్యత పశువుల యజమానిది. ఊరూ మండలమూ చెప్పడానికీ, ఆ రైతు పేరూ ఫోటో వీధికెక్కించడానికీ మధ్య గీత ఉంది. ఆ గీత చెరిగితే వచ్చేసారి కోళ్ళు చచ్చినప్పుడు రైతు డాక్టరుకు ఫోన్ చేయడు, రాత్రికి రాత్రి గొయ్యి తీసి పూడ్చేస్తాడు. అప్పుడు ప్రభుత్వానికి కాయడానికి గోప్యమూ మిగలదు, రోగాన్ని ఆపడానికి సమాచారమూ మిగలదు.

గుప్ ధాతువు కన్న ఇంకో బిడ్డ జుగుప్స. దేని నుంచైనా తనను కాపాడుకోవాలన్న కోరిక, అదే ఏవగింపుగా స్థిరపడింది. మురుగు కాలువ, ఈగల గుంపు, కబేళా వెనక గోడ వంటివి చూపించడం ఇష్టం లేక వ్యాపార గోప్యం అనే సందర్భాలు ఉంటాయి. జుగుప్స కలుగుతుందని దాచేది గోప్యం కిందికి రాదు. అది కాయాల్సిన సొత్తు కాదు, కడగాల్సిన చెత్త. కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో రాసినదాన్ని వ్యాపార రహస్యమంటే అంగీకరించకూడదు.

చివరగా ఒక పని. సమాచార హక్కు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మూడో వ్యక్తి గోప్యంగా భావించి ఇచ్చిన సమాచారాన్ని ఎవరైనా అడిగి, అధికారి ఇవ్వాలనుకుంటే, ఐదు రోజుల్లో ఆ మూడో వ్యక్తికి కబురు పెట్టాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి పది రోజులివ్వాలి. కంపెనీలకు ఈ సంగతి తెలుసు. వాటి కాగితాల మీద మొదటి పేజీలోనే గోప్యం అని అచ్చేసి ఉంటుంది. రెండు గేదెలున్న రైతు అలా రాసివ్వడు, రాసివ్వవచ్చని అతనికి చెప్పినవారు లేరు. గోపాలమిత్ర ట్యాగు వేసి ఫోనులో వివరాలు ఎక్కించేముందు ఈ సంగతి తెలుగులో చదివి వినిపించాలి. ఇది ఎవరి దగ్గర ఉంటుందో, ఏ పనికి వాడతారో, రోగం వస్తే ఊరి పేరు ఎందుకు చెప్పక తప్పదో కూడా చెప్పాలి. ఆ వివరాల కింద, ‘నా పేరు, ఫోన్ నంబరు, పశువుల లెక్క గోప్యంగా ఉంచండి’ అని ఒక వాక్యం, పక్కన రైతు సంతకానికో వేలిముద్రకో చోటు ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.